ఐదు పాయింట్ ఎనిమిది

మే 11, ఆదివారం

ఎరువుల కంపెనీ వాళ్ళు నాన్నకి ఏటా ఇచ్చే డైరీల్లో ఇదొకటి. ప్రతి పేజీ కిందా ఒక పురుగుమందు బొమ్మ. కొట్లో ఊరికే పడుంటే పైకి తెచ్చుకున్నాను. చెల్లి ఆటలాడే కంప్యూటర్ సిస్టమ్ ఎప్పుడెప్పుడు ఆగుతోందో, అప్పుడు వేడి ఎంత ఉందో రాసుకుంటే కారణం తొందరగా దొరుకుతుంది. అందుకే. ఇంకెందుకూ కాదు.

ఈ రోజు రెండుసార్లు. 3.20కి, 4.05కి. హర్షిత టీమ్‌తో ప్రాక్టీసులో ఉంది. ఆట ఉన్నట్టుండి మూసుకుపోయింది. గ్రాఫిక్స్ మెమరీ చాలలేదని తెర మీద చిన్న పెట్టెలో మెసేజ్. కార్డులో పదహారు జీబీ ఉంది, చాలకపోవడమేమిటి? కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ గొడవ అయి ఉంటుంది.

"అన్నియ్యా, మళ్ళీ పోనాది," అని కేకేసింది. నేనేదో చేసినట్టు.

జూన్ 22న దానికి ఆన్‌లైన్ తుపాకుల ఆటలో క్వాలిఫయర్, అర్హత పోటీ. ఐదుగురు ఆడపిల్లల టీమ్, ఐదూళ్ళ వాళ్ళు. విశాఖలో ఉండే బిందు కెప్టెన్. గెలిస్తే ఆరు నెలలు హైదరాబాద్‌లో క్యాంపు, జీతంతో. టెక్కలిలో ఎరువుల కొట్టు మేడ మీద కూర్చుని ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఇక్కడిదాకా వచ్చిందంటే చిన్న విషయం కాదు. సిస్టమ్ కొన్నది తనే, రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి. కానీ భాగాలు ఎంచింది నేను, బిగించింది నేను.

ప్రాసెసర్ వేగం మాత్రం పూర్తిగా నా చేతి పని. కంపెనీ ఐదు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్ దగ్గర ఆపింది. నేను ఐదు పాయింట్ ఎనిమిది దగ్గర నడుపుతున్నాను. ఇలా వేగం పెంచుకునేవాళ్ళ గ్రూపు మాది, తెలుగు ఓవర్‌క్లాక్ గ్రూపు, నాలుగు వేల మంది ఉన్నారు. రోజూ వాడే సిస్టమ్‌ల జాబితాలో పైన ఉన్నది నా పేరే. ఎనిమిది నెలలుగా.

మే 12

పాత డ్రైవర్ పీకేసి కొత్తది వేశాను. రెండు గంటలు ఆడింది, ఆగలేదు. దొరికేసింది.

మే 14

దొరకలేదు. 2.50, 3.35, 5.10.

మూడోసారి ఆగినప్పుడు హర్షిత హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి గోడకేసి చూస్తూ కూర్చుంది. అవతల నలుగురూ దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా వినిపిస్తోంది. 

మే 17

ర్యామ్ ఒక్కొక్కటే తీసి పరీక్ష పెట్టాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. నాన్న మధ్యాహ్నం భోజనానికి పైకొచ్చి, విప్పి పరిచిన సామాన్ల మధ్య నన్ను చూశాడు.

"ఏట్రా ఇది? బాగున్నదాన్ని ఇప్పేసినావా?"

"బాగోలేదు నాన్నా. మధ్యలో ఆగిపోతోంది."

"ఎందుకాగుతాది?"

చెప్పకుండా ఉండాల్సింది. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టినదాని కన్నా ఎక్కువ వేగంతో నడుపుతున్నానని, అయితే కారణం అది కాదని చెప్పాను.

"ఎంత పెట్టాలో కంపెనీవోడికి తెలీదేటి?"

"వాళ్ళు భయపడి తక్కువ పెడతారు."

"భయపడ్డం మంచిదే కదరా. ఎకరాకింత అని బస్తా మీద రాసుంటాది. దానికి రెండింతలేసి సేను మాడ్సుకున్నోళ్ళు రోజూ వస్తారు నా కొట్టుకి. వొచ్చి మందు మంచిది కాదంటారు."

నాన్నకి ప్రపంచమంతా యూరియాలోనే కనిపిస్తుంది.

మే 19

ఎండ. క్యాబినెట్ పక్కరేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ప్రాసెసర్ వేడి 91 డిగ్రీలు. అమ్మ చూసి, "నాకెప్పుడైనా అలాగ ఫ్యాను పెట్టినావురా?" అంది.

మే 23, శుక్రవారం

ధనరాజు వచ్చాడు. బస్టాండు ఎదురుగా ఆయనకి రిపేరు కొట్టు ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి, టీవీలు బాగుచేసే రోజుల నుంచీ ఈ పనే. హర్షిత పిలిచిందట, నాకు చెప్పకుండా. సిస్టమ్ ముందు కూర్చుని ఏమీ విప్పలేదు. లోపాలు నమోదయ్యే లాగ్ తెరిచి, వేలితో కిందికి జరుపుకుంటూ చదివాడు.

"బాబూ, ముందు ఆ స్పీడు తీసీ. ఆ తరవాత మాటాడుకుందుము."

"ఆరు గంటలు ఫుల్ లోడ్ టెస్ట్ పెట్టాను. ఒక్క తప్పు రాలేదు."

"టెస్టులో ప్రాసెసరు కోర్లన్నిటి మీదా ఒకేపాలి బరువు పడతాది. దానికి తెలుస్తాది, నిదానంగా లాగుతాది. ఆటలో అలాగ కాదు. ఊరుకున్నట్టు ఊరుకుని ఒక్కదాని మీద టపీమని పడతాది. అక్కడ కరెంటు అందదు. దొరికేది ఆ సందులోనే."

"మరి గ్రాఫిక్స్ మెమరీ అని ఎందుకొస్తోంది?"

"లెక్క తప్పింది ప్రాసెసరు. కేక పెట్టింది కార్డు. అంతే. నమ్మకపోతే పెద్ద జిప్ ఫైలొకటి పదిసార్లు ఇప్పి సూడు. ఒక్కసారైనా తప్పు సూపిస్తాది."

హర్షిత తలుపు దగ్గర నిలబడి వింటోంది.  ధనరాజుకి టీ ఇచ్చింది.

ధనరాజు వెళ్ళాక ఫైలు విప్పి చూశాను. మొదటిసారి బాగానే విప్పింది. రెండోసారీ అంతే. నాలుగోసారి ఫైలు పాడైందని చూపించింది.

డౌన్‌లోడ్‌లోనే పాడై ఉంటుంది. మా ఊరి నెట్ అలాంటిది.

మే 24

మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను. బాగానే విప్పింది.

మే 27

కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. మార్చి చూశాను. కాదు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ తుడిచి కొత్తది రాశాను. కాదు. వోల్టేజీ కొంచెం పెంచాను. 97 డిగ్రీలు. రెండుసార్లు ఆగింది. ఆట వాళ్ళు వేసిన అప్‌డేట్‌లోనే ఏదో లోపం ఉంది, చాలామంది అంటున్నారు.

జూన్ 1, ఆదివారం

హర్షిత నా గదికి వచ్చి నిలబడింది.

"అన్నియ్యా, ధనరాజుగారు సెప్పినట్టు సెయ్యి. కంపెనీ స్పీడుకి పెట్టీ."

"అది కారణం కాదంటుంటే."

"కాకపోతే కాకపోనీ. ఇరవై రోజులుంది. పోటీ అయ్యాక నీకు ఎంత కావాలంటే అంత పెట్టుకో. నాను అడ్డు సెప్పను."

"నీకేం తెలుసు దీని గురించి?"

"నాకు తెలీదు. నాకు ఆడడం తెలుసు."

పెట్టాను. ఐదు పాయింట్ రెండు. చేయి విరగ్గొట్టి కట్టు కట్టినట్టుంది సిస్టమ్‌ని చూస్తే.

జూన్ 6

ఐదు రోజులు ఆగలేదు. వాన పడింది కదా. చల్లబడితే ఏదైనా బాగానే నడుస్తుంది.

జూన్ 11

హర్షిత చాలా బాగా ఆడుతోంది. ఇది రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేనూ అదే ఆట నాలుగేళ్ళు ఆడాను. నాకు రాని చూపు దానికి వచ్చింది. మనిషి మలుపు తిరగకముందే అక్కడికి గురి వెళ్ళి ఉంటుంది. బిందు ఫోన్‌లో మెచ్చుకుంటుంటే అమ్మ వినాలని స్పీకర్ పెట్టింది. "ఈ వారం హర్షితే మమ్మల్ని మోస్తోంది ఆంటీ," అంది బిందు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది.

సిస్టమ్ నడుస్తోంది కాబట్టే కదా. ఆ మాట ఎవరూ అనలేదు.

గ్రూపులో గరివిడి మోహనకృష్ణ ఐదు పాయింట్ ఏడు ఫోటో పెట్టాడు. ఫెర్రో ప్లాంటులో డ్యూటీ దిగొచ్చి రోజూ ఇదే పని వాడికి. కింద రాశాడు: "టెక్కలి అన్న కనబడ్డం లేదు. జారిపోనాడేటి?" నవ్వే బొమ్మలు యాభై పైన.

జాబితాలో ఉండాలంటే ప్రతి నెలా పదిహేనున ఫోటో పెట్టాలి. ఆ రోజు ఏ వేగంతో నడుస్తోందో అది.

జూన్ 14

సాయంత్రం హర్షిత అమ్మతో బజారుకి వెళ్ళినప్పుడు ఐదు పాయింట్ ఎనిమిదికి పెట్టాను. రేపటి ఫోటో కోసం. తీసి తగ్గించేస్తాను.

జూన్ 15, ఆదివారం

ఫోటో పెట్టాను. నా పేరు పైనే ఉంది. మోహనకృష్ణ దండం బొమ్మ పెట్టాడు.

పొద్దుటి నుంచి హర్షిత ఆడుతూనే ఉంది, లేవలేదు. రేపు తగ్గిస్తాను.

జూన్ 16

యూరియా లారీ వచ్చింది. తెల్లవారకముందు నుంచే రైతులు వరసలో ఉన్నారు. నాన్న నన్ను కిందే ఉంచేశాడు. కుదరలేదు.

జూన్ 18

మూడు రోజులు ఐదు పాయింట్ ఎనిమిదిలోనే ఆడింది. ఒక్కసారి కూడా ఆగలేదు. అప్పుడు ఆగింది ఎండ వల్లేనని తేలిపోయింది. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

జూన్ 19, గురువారం

బిందు ఫోన్ చేసింది. విశాఖలో ఒక గేమింగ్ సెంటర్ మాట్లాడిందట. ఆదివారం హర్షితని అక్కడికి వచ్చి ఆడమంది. మే నెలలో ఆగినవి బిందు మరిచిపోలేదు. హర్షిత మెట్ల మీదికి వచ్చి నన్ను పిలిచింది. ఫోన్ చేతిలో అదుముకుని ఉంది.

"అన్నియ్యా, కంపెనీ స్పీడులోనే ఉంది కదా?"

"ఉంది."

"కాయమా?"

"ఖాయం."

నా మొహంలోకి చూసి, సరే అన్నట్టు తలూపి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "అక్కా, మా అన్నియ్య కాయమన్నాడు. ఇంటికాడి నుంచే ఆడతాను. అలవాటైన కుర్సీ, అలవాటైన బల్ల. పరవాలేదు." అవతల బిందు ఏదో అంటోంది. "లేదక్కా. మా అన్నియ్య సెప్తే అంతే."

వెంటనే వెళ్ళి తగ్గించేద్దామనుకున్నాను. అది మళ్ళీ సిస్టమ్ ముందు కూర్చుంది. ఎలా లేపను? ఏమని లేపను?

జూన్ 21

రేపు. అంతా బాగానే ఉంది.

జూన్ 22

మూడుసార్లు.

జూన్ 24, మంగళవారం

రాయాలి. రాసుకోవడానికే కదా ఈ డైరీ.

ఆదివారం పదకొండు గంటలకి పోటీ మొదలైంది. నాన్న కొట్టు మూసి పైకొచ్చాడు. ఖరీఫ్ ముంగిట్లో నాన్న కొట్టు మూయడం నా ఎరికలో లేదు. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరు మనవాళ్ళో ఎవరు అవతలివాళ్ళో అమ్మని అడుగుతున్నాడు. అమ్మకీ తెలియదు. "ఎర్రగా కనబడ్డోళ్ళు పగోళ్ళు," అని చెప్పింది.

మూడు ఆటల్లో రెండు గెలవాలి, ముందు పదమూడు రౌండ్లు గెలిచినవాళ్ళదే ఆట. మొదటిది గెలిచారు. హర్షిత ఒక్కర్తే ముగ్గురిని పడగొట్టిన ఒక రౌండుంది. నాన్న కుర్చీలోంచి లేచిపోయాడు. రెండోది మావాళ్ళు తొమ్మిది, అవతలివాళ్ళు ఆరు మీద నడుస్తుండగా ఆగింది.

ఐదు నిమిషాల విరామం ఒక్కసారే ఇస్తారు. మళ్ళీ తెరిచి, లోపలికి వెళ్ళింది. ఆడింది. ఆ ఆట పోయింది. మూడో ఆటలో నాలుగో రౌండులో మళ్ళీ. ఈసారి విరామం లేదు, నలుగురే ఆడారు. అది తిరిగి వెళ్ళేసరికి మూడు రౌండ్లు పోయాయి. ఆ మూడూ లాక్కొచ్చింది. ఎలా లాక్కొచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఊపిరి తీసుకోవడం మానేసి చూస్తున్నాను. పదకొండు, పదకొండు. అప్పుడు తెర మొత్తం నీలంగా అయిపోయింది.

సిస్టమ్ దానంతటదే తిరిగి మొదలవుతోంది. నల్ల తెర మీద కంపెనీ బొమ్మ. అది లేచేలోపు అవతలివాళ్ళు మిగిలిన రెండు రౌండ్లూ పట్టుకుపోయారు. హర్షిత చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి.

"ఇంతోటిదానికా కొట్టు మూయించినావు గుంటా?" అన్నాడు నాన్న హర్షితతో. గట్టిగా కాదు. మామూలుగా. అదే బాగోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

హర్షిత నావైపు తిరిగింది. "పొద్దున్న గ్రాఫిక్స్ డ్రైవరు అప్‌డేట్ సేసినాను అన్నియ్యా. అడిగింది, నొక్కీసినాను. అందుకేనా?"

తెర వైపు తిరిగాను.

"అయ్యుంటాది," అన్నాను.

అబద్ధమేమీ కాదు. అయ్యుంటాది అన్నాను. అదే అని అనలేదు.

ఆ పూటే, అది స్నానానికి వెళ్ళినప్పుడు, ఐదు పాయింట్ రెండుకి తగ్గించాను.

జూన్ 27

బిందు దాన్ని టీమ్‌లోంచి తీసేసింది. విజయవాడ అమ్మాయి ఎవరినో తీసుకుందట. సెప్టెంబరులో ఇంకో క్వాలిఫయర్ ఉంది, దానికోసం. నాన్న శ్రీకాకుళంలో బ్యాంకు కోచింగ్ మాట్లాడేశాడు. హర్షిత వద్దనలేదు. వద్దంటుందని అమ్మ ఎదురుచూసింది. నేనూ చూశాను.

జూన్ 30

ఒక్కసారి కూడా ఆగలేదు. రోజూ నాలుగేసి గంటలు నేనే ఆడి చూస్తున్నాను. జిప్ ఫైలు ఇరవైసార్లు విప్పాను. ఇరవైసార్లూ బాగానే విప్పింది.

జూలై 6, ఆదివారం

భావనపాడు తీసుకెళ్ళమంది. బండి మీద వెళ్ళాం.  తీరంలో పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. వలల మధ్య ఆడవాళ్ళు చేపలు ఏరుతున్నారు. కాల్చిన మొక్కజొన్న పొత్తులు రెండు కొన్నాను. దానిది అది గింజగింజా వలిచి తింటోంది, చిన్నప్పుడూ అంతే.

"అన్నియ్యా, డ్రైవరు వల్లేనంటావా?"

"మరేటి?"

కెరటం వచ్చి చెప్పులు తడిపింది. మళ్ళీ అడిగింది. ఈసారి నావైపు తిరిగి.

"నిజంగా డ్రైవరేనా?"

"నీ తప్పేం లేదే. ఎవరైనా నొక్కుతారు. ఎందుకు దాన్నే పట్టుకుని కూర్చుంటావు?"

నవ్వింది. చిన్నగా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చెబుదామనే వెళ్ళాను. అక్కడ జనం ఉన్నారు.

జూలై 8, మంగళవారం

బిందుకి మెసేజ్ పెట్టాను. పొద్దుటి నుంచి రాసి, కొట్టేసి, రాసి. స్పీడు నేనే పెంచానని, తగ్గించానని అబద్ధం చెప్పానని, హర్షితకేమీ తెలియదని, దాన్ని మళ్ళీ తీసుకోమని. పంపాక ఒళ్ళు తేలికైంది. ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశాను.

గంట తరవాత జవాబు వచ్చింది. ఇక్కడ రాసి పెడుతున్నాను.

"విజయ్ గారూ, క్రాష్ అయినందుకు హర్షితని తీయలేదు. సిస్టమ్‌లు ఆగుతాయి, నాదీ ఆగింది. విశాఖ రమ్మని మూడుసార్లు అడిగాను. మా అన్నియ్య చెప్పాడు అని మూడుసార్లూ అదే మాట. నలుగురి ఏడాది కష్టం ఒకరి మాట మీద పెట్టేసింది. ఆమెకన్నా బాగా ఆడేవాళ్ళు నాకు దొరకలేదు, ఇప్పుడు తీసుకున్న అమ్మాయి కూడా అంత కాదు. కానీ టీమ్‌లో మిగతావాళ్ళు ఇక ఆమెను నమ్మరు. మీరు ఈ మాట జూన్ 19న చెప్పి ఉంటే బాగుండేది."

నాలుగుసార్లు చదివాను. అంటే దాన్ని తీసేసింది, నన్ను నమ్మినందుకు.

జూలై 10, గురువారం

హర్షిత డాబా మీద బట్టలు తీస్తోంది. పైకి పిలిచింది.

"బిందక్క ఫోన్ సేసింది."

తీగ మీది తువ్వాలు అందుకున్నాను.

"నాకు పోటీ మర్నాడే తెలుసు. నువ్వు కొట్లో ఉన్నప్పుడు ధనరాజుగారి కాడికి ఎళ్ళినాను. లాగ్ ఎలాగ సూడాలో సెప్పినారు. ఆదివారం ఆగిన మూడుసార్లూ ప్రాసెసరు తప్పనే ఉంది. నువ్వు గ్రూపులో పెట్టిన ఫోటో కూడా సూసినాను. పదిహేనో తారీకుది. ఐదు పాయింట్ ఎనిమిది."

"మరి అడగలేదేం?"

"అడిగినాను కదా. భావనపాడులో. రెండుసార్లు."

ఆ రెండుసార్లూ నాకు గుర్తొచ్చాయి. అది నావైపు తిరిగిన తిరగడం గుర్తొచ్చింది.

"నిన్న రాత్రి దాకా సూసినాను, నాకు సెప్తావేమోనని. మొహం కూడా సూడని బిందక్కకి పేజీ పొడుగున రాసినావు. నాకు రాయలేదు. నాకు సెప్పలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం కదా అన్నియ్యా, ఒకే కంచాల బీరువాలోంచి కంచం తీసుకుని తింటన్నాం కదా."

"ఎలా చెప్పాలో తెలియలేదు."

"బిందక్కకి తెలిసిందే." బట్టలు భుజం మీద వేసుకుంది. "నాన్నకి సెప్పు. అదొక్కటి సెయ్యి. రోజూ నన్ను సూసి కొట్టు మూసిన సంగతి ఎత్తుతున్నాడు."

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఈసారి అంతా చెప్పాను, అయ్యుంటాది అనకుండా. నాన్న మజ్జిగన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ఆ కంప్యూటరు గొడవ నాకేటి తెలుస్తాదిరా. నువ్వైతేనేటి, డ్రైవరైతేనేటి. అయిపోనాది కదా. సోమవారం నుంచి కోచింగు, ఫీజు కట్టీసినాను."

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. రేపు లారీ వస్తాది, పెందలాడే లేవమన్నాడు. అమ్మ మాత్రం నా కంచంలో కూర వేయడం ఆపి, గరిటె గిన్నెలో పెట్టేసింది. హర్షిత వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న చేయి కడుక్కుని వెళ్ళేదాకా చూసి, తనూ వెళ్ళిపోయింది.

జూలై 13, ఆదివారం

గ్రూపులో నిజం రాసేశాను. ఎవరూ అడగలేదు, నా అంతట నేనే. ఐదు పాయింట్ ఎనిమిది నిలబడలేదని, మే నుంచే ఆగుతోందని, జాబితాలోంచి నా పేరు తీసేయమని. చెల్లెలి పోటీ సంగతి కూడా రాశాను. రాస్తుంటే కళ్ళు తడిశాయి.

ఇంతమంది స్పందిస్తారనుకోలేదు. నిజాయితీ అంటే ఇదీ అన్నారు. గుండె ఉన్న మనిషి అన్నారు. మోహనకృష్ణ, "అన్నా, నంబరు పోతే పోనీ, నువ్వు మాకు ఎప్పుడూ ఒకటో నంబరే," అని రాశాడు. మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్నాను. నెల రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

ఫోన్ తీసుకెళ్ళి హర్షితకి చూపించాను. కోచింగ్ పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. మొత్తం చదివింది. వేలితో కిందిదాకా జరిపింది.

"ఎంతమంది మెచ్చుకున్నారు?"

"రెండొందల పదహారు," అన్నాను. చెప్పేశాక తెలిసింది, ఎంత తొందరగా చెప్పానో.

"బాగున్నాది," అని ఫోన్ నా చేతికిచ్చి, కత్తెర అందుకుంది.

జూలై 20

పోస్టు తీసేశాను.

ఆగస్టు 3, ఆదివారం

హర్షిత రోజూ పొద్దున్న బస్సులో శ్రీకాకుళం వెళ్ళి నాలుగింటికి వస్తోంది. వచ్చాక రెండు గంటలు ఆడుతోంది. బరంపురం టీమ్ ఒకటి దాన్ని ఆట చూస్తామని పిలిచిందట. అమ్మ చెప్పింది. నాకు చెప్పొద్దని అమ్మతో అనలేదు, నాకూ చెప్పలేదు.

ఈ మధ్యాహ్నం వేడి ఎంత ఉందో చూద్దామని సిస్టమ్ ఆన్ చేసి, వేగం మార్చే సెట్టింగుల తెర తెరవబోయాను. పాస్‌వర్డ్ అడిగింది. ఎప్పుడూ అడిగేది కాదు. దాని పుట్టినరోజు కొట్టాను. అమ్మ పేరు కొట్టాను. టీమ్ పేరు కొట్టాను. నా పేరు కూడా కొట్టి చూశాను. దేనికీ తెరుచుకోలేదు.

బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది తీసి కాసేపాగి పెడితే తాళం పోతుంది. ధనరాజు దగ్గర కూర్చుని వచ్చింది కాబట్టి ఆ సంగతి దానికీ తెలిసే ఉంటుంది. స్క్రూలు తీసి రేకు పక్కన పెట్టాను. బ్యాటరీ కనిపిస్తోంది. గోటితో తీస్తే వచ్చేస్తుంది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. తగ్గించడానికి కూడా ఏమీ లేదు, పెంచడానికి కూడా ఏమీ లేదు. ఊరికే, నేను తెరవగలనని చూసుకోవడానికి. రేకు మళ్ళీ బిగించేశాను.

అమ్మతో బయటికి వెళ్ళిన హర్షిత ఐదింటికి వచ్చింది. కూర్చోబోతూ క్యాబినెట్ వైపు చూసింది. దుమ్ము మీద నా వేళ్ళ గుర్తులున్నాయి.

"ఇప్పినావా?"

"విప్పి, మళ్ళీ పెట్టేశాను."

"బేటరీ?"

"ముట్టుకోలేదు."

నా మొహంలోకి చూడలేదు. సిస్టమ్ ఆన్ చేసి, సెట్టింగుల తెర కోసం మీట నొక్కి పట్టుకుని ఆగింది. పాస్‌వర్డ్ అడిగింది. ఊపిరి వదిలింది. నేను ఇంకా పక్కనే నిలబడి ఉన్నాను. కీబోర్డుకి ఎడమచేయి అడ్డం పెట్టుకుని, కుడిచేత్తో కొట్టింది.